ఒంటిని కాచే జన్యువు మనసును కోస్తే...

హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే రోడ్డు ఉప్పల్, ఘట్‌కేసర్ దాటాక బీబీనగర్ చేరుతుంది. అక్కడ రోడ్డు పక్కనే ఎయిమ్స్. ఇంకొంత ముందుకు పోతే ఒకే రాతి గుండు మీద కోట నిలిచిన భువనగిరి. ఆపైన రాయగిరి, అక్కడి నుంచి యాదగిరిగుట్ట. గంటా గంటన్నరలో ముగిసే ఈ దారిలో, మనసు చెదిరిన పిల్లనో పిల్లవాణ్నో వెంటబెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగే కుటుంబాలున్నాయి. గుట్ట మీది దేవుణ్ని వైద్య నరసింహుడంటారు. మొండి రోగాలున్నవాళ్లు మండలం రోజులు అక్కడే ఉండి ప్రదక్షిణలు చేస్తే నయమవుతుందని తరతరాల నమ్మకం. అందుకని చాలా ఇళ్లలో మొదటి మొక్కు గుట్టకే. ఆ తర్వాత దర్గా, తాయెత్తు, ఊళ్లో ఆరెంపీ డాక్టరు ఇచ్చే నిద్రమాత్ర. ఇవన్నీ అయి, చేతిలో పైసలు కూడా అయిపోయాక ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి. దాని పేరును మనం తిట్టుగా వాడుకుంటూ వచ్చాం. ఆ గేటు దాకా పోవడానికి కుటుంబాలు అంత జంకడానికి అదీ ఒక కారణమే.

ఈ తిరుగుడులో చాలా మందికి ఉన్న జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. సాధారణంగా పదహారేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య మొదలవుతుంది. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు డిగ్రీకొచ్చేసరికి గదిలోంచి బయటికి రాడు. స్నానం మానేస్తాడు. ఎవరూ లేని మూలకు చూసి మాట్లాడుతుంటాడు. పక్కింటివాళ్లు తన మీద కుట్ర చేస్తున్నారంటాడు. తన ఆలోచనలు బయటివాళ్లకు వినపడుతున్నాయంటాడు. ఎవరి గొంతో చెవిలో తిడుతుంటుంది, ఆజ్ఞలిస్తుంటుంది. ఆ గొంతు అతనికి నిజంగానే వినపడుతోంది, నటన ఏమీ లేదు. 2005లో వచ్చిన 'అపరిచితుడు' సినిమా చూసి ఒకే ఒంట్లో ఇద్దరు ముగ్గురు మనుషులుండటమే ఈ జబ్బని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ సినిమాలో చూపించింది వేరే జబ్బు. స్కిజోఫ్రీనియాలో మనిషి ఒక్కడే, అతనికి అందే ప్రపంచమే తారుమారవుతుంది.

జబ్బు పేరు తెలిసినా తెలియకపోయినా ఇంట్లోవాళ్లను తొలిచే ప్రశ్న ఒకటే. ఎందుకొచ్చింది? ఊళ్లో జవాబులకు కొదవ లేదు. గాలి సోకిందంటారు. ఎవరో బాణామతి చేసిన్రంటారు. తల్లి గారాబం చేసి చెడగొట్టిందని కొందరు, కోడలు అడుగుపెట్టిన వేళని కొందరు. ఒక్కో జవాబూ ఎవరో ఒకరి మీద నింద మోపే పోతుంది. బాణామతి అన్న అనుమానమైతే మనుషుల ప్రాణాలే తీసింది, తెలంగాణ పల్లెలకు ఆ చరిత్ర తెలుసు.

సైన్స్ దగ్గర కూడా పూర్తి జవాబు లేదు. కానీ గత పదిహేనేళ్లలో ఆ జవాబులో ఒక ముక్క దొరికింది. అదీ చాలా మంది ఊహించని చోట, క్రిములతో పోరాడి ఒంటిని కాపాడే రోగనిరోధక వ్యవస్థలో.

ఆరో క్రోమోజోమ్ మీద

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఇంట్లోనో బంధువుల్లోనో ఉంటే 'మ్యాచింగ్' అన్న మాట వినే ఉంటారు. దాత కణాలు, గ్రహీత కణాలు పొసగుతాయా లేదా అని చూసే పరీక్ష అది. ఆ పరీక్షలో చూసే జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద ఒకచోట కిక్కిరిసి ఉంటాయి. ఏది మన కణం, ఏది పరాయిది అని శరీరం పోల్చుకునేది వీటి సాయంతోనే. మనిషికీ మనిషికీ మధ్య ఇంత తేడా ఉన్న జన్యు ప్రాంతం మరొకటి లేదు.

2009లో మూడు పరిశోధక బృందాలు వేరువేరుగా వేల మంది స్కిజోఫ్రీనియా రోగుల జన్యువులను, ఆరోగ్యవంతుల జన్యువులతో పోల్చి చూశాయి. ముగ్గురి వేలూ ఈ ఆరో క్రోమోజోమ్ ప్రాంతం మీదికే పోయింది. 2014లో ఇంకా పెద్ద లెక్క వచ్చింది: 36,989 మంది రోగులు, లక్షా 13 వేల మంది ఇతరులు, ముప్పుతో సంబంధమున్న 108 జన్యు స్థానాలు. 2022 నాటికి రోగుల సంఖ్య 76 వేలు దాటింది, స్థానాలు 287 అయ్యాయి. ఎక్కువ భాగం మెదడు కణాల పనికి సంబంధించినవే, అందులో వింత లేదు. వింతేమిటంటే 2014 పట్టికలో అన్నిటికంటే బలమైన గురుతు మెదడు జన్యువుల దగ్గర లేదు. మళ్లీ ఆ రోగనిరోధక జన్యువుల గుంపులోనే కనపడింది.

వాటిలో ఏది? వందల జన్యువులు ఒకదాన్నొకటి ఆనుకుని, తరతరాలుగా కలిసే వారసత్వంగా వస్తున్నచోట ఒక్కదాన్ని పట్టుకోవడం తేలిక కాదు. 2016 జనవరిలో అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్, హార్వర్డ్‌కు చెందిన అశ్విన్ శేకర్, స్టీవ్ మెక్‌కారల్, బెత్ స్టీవెన్స్ తదితరులు 'నేచర్' పత్రికలో ఆ పేరు బయటపెట్టారు. అది సి4.

సి4 కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్ల వరుసలో ఒకటి. రక్తంలో ఎప్పుడూ తిరుగుతూ ఉండే ఈ ప్రోటీన్లు బ్యాక్టీరియా కనపడగానే దాని ఒంటికి అంటుకుంటాయి. అలా అంటుకోవడమే ఒక ఆనవాలు. ఆ ఆనవాలు చూసి తెల్లకణాలు వచ్చి బ్యాక్టీరియాను మింగేస్తాయి. ఈ జన్యువులో ఏ అని, బి అని రెండు రకాలున్నాయి. అందరిలో కాపీలు ఒకే లెక్కన ఉండవు. ఒకరికి రెండు మూడు, మరొకరికి ఐదారు. పైగా వీటిలో పొడుగువీ పొట్టివీ ఉంటాయి. పొడుగు కాపీల్లో ఒక పాత వైరస్ ముక్క ఇరుక్కుని ఉంటుంది. ఎన్నో లక్షల ఏళ్ల కింద మన పూర్వజీవుల కణాల్లో దూరిన వైరస్ అది, ఇప్పుడు మన జన్యువులో భాగమైపోయి చాలా మందిలో కొనసాగుతోంది. ఆ ముక్క ఉందా లేదా అన్నదాన్ని బట్టి మెదడులో ఏ రకం సి4 ఎంత తయారవుతుందన్నది మారుతుంది.

పరిశోధకులు 22 దేశాల నుంచి దాదాపు 65 వేల మంది జన్యువులు చూశారు. చనిపోయాక దానం చేసిన సుమారు 700 మెదడు నమూనాలు పరీక్షించారు. ఏ రకం జన్యువు మెదడులో సి4ఏను ఎక్కువ తయారుచేయిస్తుందో, ఆ రకం ఉన్నవాళ్లకే స్కిజోఫ్రీనియా ముప్పు ఎక్కువ. రోగుల మెదళ్లలోనూ సి4ఏ ఎక్కువగానే కనపడింది.

రక్తంలో బ్యాక్టీరియాను పట్టే ప్రోటీన్‌కు మెదడులో ఏం పని? ఈ ప్రశ్నకు జవాబు బెత్ స్టీవెన్స్ 2007 నుంచే వెతుకుతున్నారు. పుట్టిన పిల్లల మెదడులో నాడీకణాలు ఒకదానితో ఒకటి లెక్కకు మించి కలుపుకుంటాయి. ఆ కలయిక స్థానాలనే సినాప్స్‌లంటారు. ఎదిగేకొద్దీ అక్కర్లేనివి తీసేసి, వాడేవాటిని మెదడు గట్టిపరుచుకుంటుంది. జొన్నచేను ఒత్తుగా మొలిచినప్పుడు రైతు పలుచన చేస్తాడే, అలాంటి పని. తీయకపోతే పైరు ఎదగదు, ఎక్కువ తీస్తే చేను బోసిపోతుంది. ఏ సినాప్స్ తీసేయాలో ఆనవాలు పెట్టేవి కాంప్లిమెంట్ ప్రోటీన్లే. ఆనవాలు చూసి వచ్చి మింగేవి మెదడులో కాపలా తిరిగే మైక్రోగ్లియా కణాలు. బ్యాక్టీరియాను వదిలించుకునే పద్ధతినే శరీరం మెదడును తీర్చిదిద్దడానికీ వాడుకుంటోంది.

ఆలోచన, నిర్ణయం, అదుపు వంటివి చూసుకునే మెదడు ముందుభాగంలో ఈ ఏరివేత యౌవనంలో జోరుగా సాగి ఇరవై దాటాక నెమ్మదిస్తుంది. స్కిజోఫ్రీనియా బయటపడేది కూడా ఆ వయసులోనే. 1982లోనే ఇర్విన్ ఫైన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఈ రెంటినీ కలిపి, ఏరివేత గాడితప్పడమే జబ్బుకు మూలం కావచ్చన్నారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో చదువుకుని అమెరికా వెళ్లిన డాక్టర్ మాచేరి కేశవన్ తన సహచరులతో కలిసి 1994లో ఆ ఊహను మళ్లీ ముందుకు తెచ్చారు. అప్పటికి దాన్ని పట్టి చూపించే జన్యువేదీ చేతిలో లేదు. 2016లో సి4 దొరికాక వాళ్ల మాట పక్కన ఒక నిర్దిష్టమైన యంత్రాంగం వచ్చి నిలిచింది. తర్వాత ఎలుకల్లో మానవ సి4ఏను ఎక్కువ చేసి చూస్తే సినాప్స్‌లు తగ్గాయి, వాటి ప్రవర్తనా మారింది.

ఇంతకీ ముప్పు ఎంత?

ఇక్కడ పాఠకులు కాస్త ఆగి చదవాలి, ఎందుకంటే పెళ్లిళ్లు చెడగొట్టే పుకార్లు ఇక్కడే పుడతాయి. వెయ్యిమందిలో పదిమందికి స్కిజోఫ్రీనియా వస్తుందనుకుందాం. ఎక్కువ ముప్పున్న సి4 రకం ఉన్న వెయ్యిమందిని విడిగా తీసుకుంటే ఆ పదిమంది కాస్తా పన్నెండు, పదముగ్గురవుతారు. అంతే. మిగతా 987 మంది అదే జన్యువుతో హాయిగా బతుకుతారు. సి4 ఒక్కటే కాదు, ముప్పుకు తోడ్పడే వందల జన్యు మార్పుల్లో చాలావాటి వంతు చిన్నదే. రక్తం తీసి సి4 చూసి 'నీకు ఈ జబ్బొస్తుంది' అని చెప్పగల డాక్టర్ ప్రపంచంలో ఎక్కడా లేడు. చెప్తానని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మొద్దు.

కుటుంబంలో ఉంటే? తల్లిదండ్రుల్లో ఒకరికో, తోబుట్టువుకో జబ్బుంటే ముప్పు దాదాపు నూటికి పది. అంటే తొంభై మందికి రాదు. జన్యువులు అచ్చంగా ఒకటే అయిన కవలల్లో ఒకరికి జబ్బుంటే రెండోవాళ్లకూ రావడం డెన్మార్క్ లెక్కల్లో నూటికి 33. మిగతా 67 మందికి అవే జన్యువులుండీ రాలేదు. గర్భంలో జరిగినవి, పుట్టినప్పటి కష్టాలు, ఇన్‌ఫెక్షన్లు, చిన్ననాటి దెబ్బలు, లేతవయసులో గంజాయి వంటివి కూడా తూకంలో ఉన్నాయి. గంజాయి మాట ప్రత్యేకంగా చెప్పక తప్పదు, ఇప్పుడది చిన్న పట్నాల కాలేజీ పిల్లల చేతికీ అందుతోంది.

ఇదే సి4 గురించి 2020లో వచ్చిన ఇంకో అధ్యయనం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. లూపస్ అనే జబ్బుంది. శరీరం తన మీద తానే యుద్ధం చేసుకునే జబ్బు, ఆడవాళ్లలో ఎక్కువ. సి4 కాపీలు ఎక్కువున్నవాళ్లకు ఈ లూపస్ నుంచి గట్టి రక్షణ ఉంటుందని ఆ అధ్యయనం చూపింది. అంటే ఒక జబ్బు ముప్పు కొంచెం పెంచే జన్యువే ఇంకో జబ్బు నుంచి కాపాడుతోంది. ఈ రెండు ప్రభావాలూ ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో ఎక్కువ. 'మంచి రక్తం', 'చెడ్డ రక్తం' అని వంశాలను తూచే పెద్దమనుషులు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే చాలని నా ఆశ. ఆ జన్యువును ఏ వంశం నుంచి తీసేస్తారు? తీసేస్తే లూపస్‌ను ఎవరు ఆపుతారు?

పాశ్చాత్య దేశాలు కూడా నిందలేమీ తక్కువ వేయలేదు. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైఖ్‌మన్ అనే పేరున్న మానసిక వైద్యురాలు పిల్లల స్కిజోఫ్రీనియాకు తల్లి తీరు కారణమన్న మాటను ప్రచారంలోకి తెచ్చారు. తర్వాత ఇరవై ముప్పై ఏళ్లపాటు ఎందరో తల్లులు పిల్లవాడి జబ్బుతో పాటు ఆ అపరాధాన్నీ మోశారు. దానికి ఆధారం లేదని తేలినా, పోయిన ఏళ్లు వాళ్లకు తిరిగి రాలేదు.

కారణం తెలిసిపోతే నింద దానంతటదే పోతుందన్న భ్రమ కూడా నాకు లేదు. ఉమ్మడి నల్లగొండకు ఇది అనుభవమే. మర్రిగూడ, చండూరు వైపు ఎముకలు వంకర్లు పోవడానికి కారణం బోరునీళ్లలోని ఫ్లోరైడ్ అని ఎప్పుడో తేలింది. అయినా ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి వెనకాడే రోజులు చాలాకాలం నడిచాయి. నీళ్లలో ఉన్న లోపం మనుషుల లోపంగా మారింది. జన్యువుల విషయంలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ, జన్యువు మనిషిలోపలే ఉంటుంది కనక. అందుకే జన్యువుల వార్త రాసే ప్రతిసారీ ముప్పు ఎంతో అంకెల్లో చెప్పడం పత్రికల బాధ్యతని అనుకుంటాను.

జ్వరం, ఫ్లూ, ఎముకమజ్జ

రోగనిరోధక శక్తికీ మనసుకూ ముడి ఉందన్న అనుమానం సి4తో మొదలవలేదు. 1957లో ఆసియా ఫ్లూ ప్రపంచాన్ని చుట్టింది. ఆ సమయానికి నాలుగో నెల నుంచి ఆరో నెల గర్భంలో ఉన్న హెల్సింకీ నగరపు శిశువులు పెద్దయ్యాక స్కిజోఫ్రీనియాతో ఆసుపత్రుల్లో చేరడం ఎక్కువగా ఉందని 1988లో సార్నాఫ్ మెడ్నిక్ బృందం చూపింది. తర్వాతి అధ్యయనాలు అన్నీ ఒకే మాట చెప్పలేదు. డెన్మార్క్‌లో మాత్రం దేశ జనాభా మొత్తం ఆరోగ్య రికార్డులున్నాయి. ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరిన చరిత్ర ఉన్నవాళ్లలో ఆ తర్వాత స్కిజోఫ్రీనియా 60 శాతం ఎక్కువని, శరీరం తన మీద తానే దాడి చేసుకునే జబ్బులున్నవాళ్లలో 29 శాతం ఎక్కువని 2011లో అక్కడి పరిశోధకులు ప్రకటించారు.

ఇంకా విచిత్రమైనవీ ఉన్నాయి. జపాన్‌లో మందులకు లొంగని స్కిజోఫ్రీనియా ఉన్న ఒక యువకుడికి రక్త క్యాన్సర్ వచ్చి ఎముకమజ్జ మార్చారు. రోగనిరోధక కణాలన్నీ కొత్తవి వచ్చాక అతని మానసిక లక్షణాలూ తగ్గిపోయాయని 2017లో రాశారు. అంతకు రెండేళ్ల ముందు ఇంకోచోట దీనికి తిరగబడిన కథ: స్కిజోఫ్రీనియా ఉన్న సోదరుడి మజ్జ తీసుకున్న మనిషికి తర్వాత అవే లక్షణాలు మొదలయ్యాయి. ఒక్కరిద్దరి కథల మీద సిద్ధాంతం కట్టకూడదు. కానీ వైద్యులు వీటిని మర్చిపోవడం లేదు.

వైద్యానికి నేరుగా పనికొచ్చిన సంగతి ఒకటుంది. 2007లో జోసెప్ డాల్మావ్ బృందం ఒక మెదడువాపును గుర్తించింది. శరీరం తయారుచేసిన యాంటీబాడీలే మెదడులోని ఒక గ్రాహకం మీద దాడి చేస్తాయి. మొదట్లో అచ్చం పిచ్చి లేచినట్టే ఉంటుంది: భయం, అరుపులు, లేనివి కనపడటం. తర్వాత మూర్ఛలు, నోరు పెదవులు వాటంతటవే కదలడం, తెలివి తప్పడం. సరైన సమయంలో గుర్తిస్తే చాలా మంది కోలుకుంటారు. మన దగ్గర ఇలాంటి పిల్లనే దయ్యం పట్టిందని కొట్టే ప్రమాదముంది. నిన్నటిదాకా బాగున్న మనిషి నాలుగు రోజుల్లో మారిపోయి, దానికి జ్వరమో మూర్ఛలో తోడైతే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

మరి సి4 తెలిశాక కొత్త మందు వచ్చిందా? రాలేదు. మైక్రోగ్లియా దూకుడు తగ్గించే మినోసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్ మీద ఆశలు పెట్టుకున్నారు. ప్రయోగశాలలో రోగుల రక్తం నుంచి తయారుచేసిన మైక్రోగ్లియా లాంటి కణాలు సినాప్స్‌లను ఎక్కువగా మింగడమూ, ఈ మందు వేస్తే తగ్గడమూ 2019లో కనపడింది. కానీ అంతకు ముందే, 2018లో, బ్రిటన్‌లో కొత్తగా జబ్బుపడిన రెండు వందల మంది మీద జాగ్రత్తగా చేసిన పరీక్షలో ఆ మందు వల్ల మేలేమీ తేలలేదు. జబ్బు బయటపడేసరికే ఏరివేత చాలావరకు జరిగిపోయి ఉంటుందేమోనని ఒక వివరణ.

మన జన్యువుల లెక్క ఏదీ?

ఈ జన్యు అధ్యయనాల్లో రక్తమిచ్చినవాళ్లలో అత్యధికులు యూరప్ మూలాలవాళ్లు. 2019లో చైనా, జపాన్, కొరియా వంటి తూర్పు ఆసియా దేశాల 22 వేల మంది రోగుల జన్యువులు చూసినప్పుడు ఆరో క్రోమోజోమ్ గురుతు అసలు కనపడలేదు. అక్కడివాళ్లలో ఆ ప్రాంతపు జన్యు రూపాలు వేరు కావడమే ఇందుకు కారణం కావచ్చంటారు. మరి మన తెలుగువాళ్లలో ఎలా ఉంటుంది? యూరప్ లెక్కను తెచ్చి భువనగిరి మనిషికి అతికించలేం.

ఈ పని చేయగల చోటు మనకు దగ్గరే ఉంది. హైదరాబాద్ హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ. భారతీయుల జన్యు చరిత్రను 2009లో అక్కడి లాల్జీ సింగ్, తంగరాజ్ తదితరులు హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి వివరించారు. 2017లో తంగరాజ్ బృందం ఇంకో ముఖ్యమైన విషయం చెప్పింది. మన కులాల్లో చాలా వాటిలో వేల ఏళ్లుగా లోపలి పెళ్లిళ్లే జరగడం వల్ల కొన్ని అరుదైన జన్యు మార్పులు ఒక్కో గుంపులో పేరుకుపోయాయి. తెలుగు వైశ్యుల్లో కొందరికి మత్తుమందు ఇస్తే త్వరగా తేరుకోకపోవడం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ఆ తర్వాత 'జీనోమ్ ఇండియా' పేరుతో దేశవ్యాప్తంగా పదివేల మంది పూర్తి జన్యు పటాలు సిద్ధమై 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. పునాది ఉంది. స్కిజోఫ్రీనియా రోగుల జన్యువులను ఆ పునాది మీద నిలబెట్టి చూడటమే మిగిలింది.

దక్షిణాదిలో ఒక పెద్ద ప్రయత్నం ఇప్పటికే జరిగింది. 1984లో డాక్టర్ శారదా మీనన్ చెన్నైలో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ, డాక్టర్ తారా రంగస్వామి ఆధ్వర్యంలో, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులతో కలిసి సుమారు మూడు వేల మంది భారతీయుల జన్యువులు పరిశీలించింది. 2019లో వచ్చిన ఫలితం సి4 వైపు చూపలేదు. నయాసిన్, అంటే బి3 విటమిన్‌ను శరీరం వాడుకోవడానికి తోడ్పడే జన్యువు వైపు చూపింది.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే హైదరాబాద్ పోషకాహార సంస్థ గుర్తొచ్చింది. నల్లగొండ, పాలమూరు మెట్టలు జొన్నరొట్టె, జొన్న గటక మీద బతికిన నేలలు. 1960లో ఆ సంస్థ శాస్త్రవేత్తలు కొలుతూరు గోపాలన్, శ్రీకాంతయ్య 'లాన్సెట్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. జొన్నే ముఖ్య ఆహారంగా తినే దక్కన్ పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు రావడానికీ జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే పదార్థానికీ సంబంధముందన్నది వాళ్ల వాదన. పెల్లాగ్రా అంటే శరీరంలో నయాసిన్ కరువు. ఎండ తగిలేచోట, చేతుల మీద, మెడ చుట్టూ చర్మం కమిలిపోతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. తర్వాత మనసు చెదురుతుంది. ఇలా చెదిరినవాళ్లు మానసిక ఆసుపత్రుల్లోనూ తేలేవాళ్లు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తిని ఇదే జబ్బుపడ్డవాళ్లు పిచ్చాసుపత్రులు నింపితే, అది అంటువ్యాధి కాదు తిండి లోపమని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1915 ప్రాంతంలో నిరూపించారు. అప్పటిదాకా పిచ్చి అనుకున్నది సరైన తిండితో నయమైంది.

పెల్లాగ్రా వేరు, స్కిజోఫ్రీనియా వేరు. చెన్నై ఫలితాన్ని మరింత మందిలో సరిచూడాల్సి ఉంది. బి3 మాత్రలు కొనుక్కుని మింగితే స్కిజోఫ్రీనియా తగ్గుతుందని ఎవరూ అనుకోకూడదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన తిండి, మన జన్యువులు, మన ఇన్‌ఫెక్షన్లు ఇక్కడే చూస్తే తప్ప మన జబ్బుల జవాబులు దొరకవు. అలా చూసే తెలివి ఈ నేల మీద 1960లోనే ఉంది.

ఇక మనుషుల లెక్క. 2015-16లో నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు స్కిజోఫ్రీనియా తరహా జబ్బులకు గురైనవాళ్లు నూటికి 1.4 మంది అని, అలాంటి జబ్బున్న ప్రతి నలుగురిలో ముగ్గురికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. తెలంగాణ అందులో లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. ఎనిమిది కోట్లకు పైబడిన తెలుగువాళ్ల మానసిక ఆరోగ్యం పక్క రాష్ట్రాల అంకెలతో ఊహించుకోవాల్సి రావడం బాధ కలిగించే సంగతి.

గుట్టా, గోలీలూ

గుట్టకు పోయే కుటుంబాలను మూఢులని ఈసడించే రాతలు చాలా చదివాను. నాకా ధోరణి నచ్చదు. 2002లో నిమ్హాన్స్ వైద్యుడు రఘురామ్, ఆయన సహచరులు తమిళనాడులోని ఒక పల్లె గుడిలో ఉంటున్న 31 మంది మానసిక రోగులను పరిశీలించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. వాళ్లకు మందులివ్వలేదు, ప్రత్యేకమైన పూజలూ చేయించలేదు. కొన్ని వారాలు గుడిలో ఉన్నాక వాళ్ల లక్షణాల కొలతలు దాదాపు 20 శాతం తగ్గాయి. గుడి పనుల్లో పాలుపంచుకోవడం, పక్కన అయినవాళ్లుండటం, ఎవరూ గేలి చేయని చోటు దొరకడం ఇందుకు కారణమని వాళ్లు భావించారు. మండలం దీక్షలో కూడా వేళకు లేవడం, స్నానం, నడక, తల్లో అక్కో పక్కనుండటం ఉన్నాయి. చెదిరిన మనసుకు అవి మేలు చేస్తాయి.

కానీ ఎక్కడైతే గొలుసు కనపడుతుందో అక్కడ నమ్మకం హింసగా మారినట్టే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా దగ్గరి ఒక ఆశ్రమంలో నిప్పంటుకుంది. స్తంభాలకు గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేక కాలిపోయారు, 28 మంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసుతో కట్టేయడాన్ని పూర్తిగా నిషేధించింది. ఇతర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలంది. చికిత్సను హక్కు చేసింది.

గుట్టకు పోండి. మొక్కు తీర్చుకోండి. గోలీలు కూడా మొదలుపెట్టండి, మండలం అయ్యేదాకా ఆగకండి. జబ్బు మొదలయ్యాక చికిత్స లేకుండా గడిచే కాలం ఎంత పెరిగితే కోలుకోవడం అంత కష్టమవుతుందని ఎన్నో దేశాల అధ్యయనాలు చెప్తున్నాయి. బీబీనగర్ ఎయిమ్స్‌లో 2019లో ఎంబీబీఎస్ తరగతులు మొదలయ్యాయి, ఇప్పుడక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డు మీద గుట్టకు పోయే బస్సులు దాని ముందు నుంచే పోతాయి. అంత దూరం పోలేనివాళ్లు, ఎవరితో మాట్లాడాలో తెలియనివాళ్లు 14416కు ఫోన్ చేస్తే 'టెలిమానస్' వాళ్లు తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

మందుల గురించి భయాలున్నాయి. ఎప్పుడూ నిద్రమబ్బే అని, బరువు పెరుగుతారని, జీవితాంతం మింగాలని. కొన్ని భయాలు నిజమే, వాటిని డాక్టరుతో చెప్పి మందు మార్పించుకోవచ్చు. బాగుందని సొంతంగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది, ప్రతిసారీ ఇంకొంచెం మొండికేస్తుంది. మిగతా మందులకు లొంగని జబ్బుకు క్లోజాపిన్ అనే మందుంది. అది వాడేవాళ్లకు మొదటి 18 వారాలు ప్రతి వారం రక్తపరీక్ష చేయాలి, ఎందుకంటే అరుదుగా కొందరిలో తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. అలా ఎవరికి పడిపోతాయన్నదానికి కొంత సంబంధం మళ్లీ ఆరో క్రోమోజోమ్ మీది ఆ రోగనిరోధక జన్యువులతోనే ఉందని ఇప్పుడు తెలుసు. ఏ రోగికి ఏ మందు క్షేమమో ముందే చెప్పే పరీక్షలు మొదట ఇక్కడి నుంచే రావచ్చు. అప్పటిదాకా ఆ వారం వారం రక్తపరీక్ష సూర్యాపేటలో, దేవరకొండలో, అచ్చంపేటలో కూడా రోగి ఇంటికి దగ్గర్లో ఉచితంగా జరిగేలా జిల్లా ఆసుపత్రులు చూడాలి. దానికి కొత్త జన్యుశాస్త్రం అక్కర్లేదు. ఒక ల్యాబ్ టెక్నీషియన్, ఒక రిజిస్టరు, నెలనెలా తప్పకుండా వచ్చే ఒక మానసిక వైద్యుడు ఉంటే చాలు.